హస్తవాసి

నేను కడగడం నేర్చుకున్నది శుభ్రం కోసం కాదు. ఎదురుగా ఒకాయన నిలబడి చూస్తా ఉంటే నేర్చుకున్నాను.

మాది నంబులపూలకుంట దగ్గర ఒక చిన్న పల్లె. అప్పుడది అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లా పేరు మారింది గానీ మా మాదిగ గేరి ఊరికి ఏ దిక్కున ఉండిందో ఇప్పటికీ ఆ దిక్కునే ఉంది. నాకు ఏడెనిమిదేండ్లప్పుడు మా నాయన శెనక్కాయల పనికి పోతా నన్ను గూడా వెంటబెట్టుకుపోయినాడు. దారిలో టీ అంగడి. దాని చూరులో మా గ్లాసులు రెండు దోపి ఉండేవి. నాయన ఒక గ్లాసు తీసుకున్నాడు, కడిగినాడు, పట్టినాడు. అంగడాయన పైనుంచి పోసినాడు. తాగినాక మళ్ళీ కడిగి చూరులో పెట్టాల. ఆ పని నాకు చెప్పినాడు నాయన. నేను గబగబా నాలుగు చుక్కలు చిలకరించి పెట్టబోయినాను.

"ఏయ్, సరిగ్గా కడుగు. చూస్తాండాను" అన్నాడు అంగడాయన.

మళ్ళీ కడిగినాను. చాల్లేదు. మూడోసారి గూడా కడిగించినాడు. నాయన నేలకల్లే చూస్తా నిలబడినాడు.

ఆ గ్లాసులో మళ్ళీ తాగేది మేమే. ఆయన తాగడు, ఆయన పిల్లలు తాగరు. మరి అది శుభ్రంగా ఉందో లేదో ఆయనకెందుకు? చాన్నాళ్ళు నాకర్థం కాలేదు. ఆయన చూస్తున్నది గ్లాసును కాదు, నన్ను. నేను కడుగుతున్నది మురికిని కాదు, నా తలపొగరును. అట్లా నా మట్టుకు నాకు కడగడం అంటే లొంగడం అయింది. చూడటం అంటే పెత్తనం అయింది.

ఆ పిల్ల చదువుకుని నర్సయింది. ఉద్యోగం చివరి ఏండ్లలో, ఆసుపత్రిలో ఎవరు చేతులు కడుగుతున్నారు, ఎవరు కడగడం లేదు అని చూసి రాసే పని దాని నెత్తినే పడింది. ఆ పని చేస్తా చేస్తా నన్ను పట్టుకున్న ప్రశ్న ఒకటుంది. ఎవరూ చూడనప్పుడు మనిషి చెయ్యి ఎందుకు కడుక్కోవాల? దానికి నాకు దొరికిన జవాబును, దాంతోపాటు నా తప్పును గూడా ఇక్కడ రాస్తున్నాను.

*

2015లో కేంద్ర ప్రభుత్వం కాయకల్ప అనే పథకం పెట్టింది. ప్రభుత్వ ఆసుపత్రులకు శుభ్రతలో మార్కులు వేస్తారు, మంచి మార్కులొస్తే బహుమతి. ఆ మార్కుల పట్టికలో చేతుల శుభ్రతకూ చోటుంది. దాంతో మా ఆసుపత్రిలో గూడా ఒక లెక్కల కాగితం వచ్చింది. ఆ ఆసుపత్రి పేరు నేను చెప్పను. ఒకదాని పేరు చెబితే మిగిలినవన్నీ తప్పించుకుంటాయి.

కాగితంలో ఐదు గళ్ళు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాల్లో చెప్పిన ఐదు సందర్భాలు అవి. రోగిని ముట్టకముందు. సూదో గొట్టమో వేసే ముందు. నెత్తురో చీమో మూత్రమో అంటే పని అయినాక. రోగిని ముట్టినాక. రోగి మంచమో దుప్పటో ముట్టినాక. మందు రుద్దుకుంటే ఇరవై ముప్పై సెకండ్లు, సబ్బుతో కడిగితే నలభై నుంచి అరవై సెకండ్లు. అంతే పని. దీనికి యంత్రం అక్కర్లేదు, పెద్ద చదువూ అక్కర్లేదు. అయినా ప్రపంచంలో ఏ దేశం ఆసుపత్రీ దీన్ని పూర్తిగా గెలవలేదు.

నేను కాగితం పట్టుకుని వార్డులో అడుగుపెడితే "అక్కొచ్చింది, అక్కొచ్చింది" అని గుసగుసలు. సీసాలు కిచకిచమనేవి. అందరూ రుద్దుకునేవాళ్ళు. కొందరు నాకు చూపించి మరీ రుద్దుకునేవాళ్ళు. నా కాగితం నిండా టిక్కులు. సూపరింటెండెంటు సంతోషం, తనిఖీకి వచ్చినవాళ్ళకు సంతోషం.

ఒకరోజు దుప్పట్లు లెక్కపెట్టను అదే వార్డులో మూలన కూచున్నాను. చేతిలో వేరే కాగితం. నేను చూస్తున్నానని ఎవరికీ తెలీదు. దుప్పట్లు లెక్కపెడతానే చేతులు గూడా లెక్కపెట్టినాను. అవే మనుషులు, అవే సీసాలు, అదే వార్డు. కడిగిన చేతులు సగం గూడా లేవు.

మొదట నాకు కోపం వచ్చింది. తర్వాత తెలిసింది, ఇది మా ఆసుపత్రి జబ్బు ఒక్కటే కాదని. కెనడాలో టొరంటో నగరం ఆసుపత్రి ఒకదాంట్లో చేతిమందు సీసా నొక్కినప్పుడల్లా యంత్రం లెక్కపెట్టింది. 2014లో ఆ లెక్క అచ్చయింది. పరిశీలించేవాళ్ళు కంటికి కనపడే చోట ఒక్కో సీసాకు గంటకు 3.75 సార్లు, వాళ్ళు కనపడని చోట 1.48 సార్లు. అంటే రెండున్నర రెట్లు తేడా. ఇట్లాంటి మార్పుకు హాథార్న్ ప్రభావం అని పేరు పెట్టినారు. అమెరికాలో చికాగో పక్కన హాథార్న్ ఫ్యాక్టరీ ఉండేది. 1924 నుంచి 1932 దాకా అక్కడి కూలీల మీద ప్రయోగాలు చేసినారు. ఆ లెక్కల మీద తర్వాత చాలా వాదాలు జరిగినాయి గానీ పేరు మాత్రం నిలిచిపోయింది. చూస్తున్నారని తెలిస్తే మనిషి మారతాడు అని దాని సారాంశం. మా గేరిలో ఈ సంగతి చెప్పను ఫ్యాక్టరీ అక్కర్లేదు. రెడ్డి గట్టు మీద నిలబడితే కొడవళ్ళు ఎంత వేగంగా ఆడతాయో మాకు తెలుసు.

మరి ఎప్పుడూ చూస్తానే ఉంటే? అదీ చేసి చూసినారు. న్యూయార్క్‌లో ఒక ఆసుపత్రి ఇంటెన్సివ్ కేర్ విభాగంలో గదుల దగ్గర కెమెరాలు పెట్టినారు. 2012లో ఆ సంగతి అచ్చయింది. ఫలితం చెప్పకుండా కెమెరా ఉత్తగా చూసిన పదహారు వారాల్లో కడిగిన చేతులు నూటికి పది గూడా లేవు. ఏ పూట ఎన్ని చేతులు కడిగినారో వాళ్ళకే చూపించడం మొదలుపెట్టినాక నూటికి ఎనభై దాటినాయి. చూడటం ఒకటి, చూసింది మనిషికి తిరిగి చెప్పడం ఇంకొకటి అని దీన్నుంచి నాకర్థమైంది.

*

ఆ దుప్పట్ల రోజు నేను ఇంకొకటి గూడా కనిపెట్టినాను. నన్ను చానా బాధపెట్టింది అదే.

ముట్టకముందు కడుక్కున్నవాళ్ళు తక్కువ. ముట్టినాక కడుక్కున్నవాళ్ళు ఎక్కువ. చీము తగిలితే అందరూ పరుగెత్తి కడుక్కున్నారు. ఈ తేడా గూడా చాలా దేశాల లెక్కల్లో ఉంది. మనిషి తన ఒంటిని కాపాడుకోవడం ఎక్కడైనా సహజమే. కానీ మన దేశంలో దీనికి తోడు వేలయేండ్ల శిక్షణ ఉంది. ఎవర్నో ముట్టినాక కడుక్కోవడం మనవాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ తన జనంతో కలిసి చవదార్ చెరువు నీళ్ళు తాగినాడు. తర్వాత సవర్ణులు నూటెనిమిది కుండలు పెట్టి, పేడా పంచితం కలిపి, మంత్రాలు చదివి ఆ చెరువును శుద్ధి చేసుకున్నారు. పశువు పేడతో శుద్ధి, మనిషి దోసిలితో మైల! సూక్ష్మజీవుల శాస్త్రం వచ్చి అప్పటికి యాభై ఏండ్లయింది.

మడి అంటే ఏమిటి? నువ్వు మురికి, నేను శుభ్రం, నిన్ను ముట్టుకుంటే నేను చెడతాను. ఆసుపత్రిలో చేతులు కడగడం అంటే ఏమిటి? నా చెయ్యే మురికి అయ్యుండొచ్చు, నేను ముట్టుకుంటే నువ్వు చెడతావు. రెండిట్లోనూ నీళ్ళే, రెండిట్లోనూ చేతులే. ఆలోచన మాత్రం తలకిందులు. పైకులపు చెయ్యి తనను తాను అనుమానించుకోవడం మన సమాజంలో ఎవరూ ఎప్పుడూ నేర్పలేదు. అనుమానమంతా మా చేతుల మీదే.

వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్వైస్ అనే డాక్టరుకు ఎదురైంది ఇదే. అక్కడ రెండు కాన్పుల వార్డులు. ఒకదాంట్లో వైద్య విద్యార్థులు, రెండోదాంట్లో మంత్రసానులు. విద్యార్థుల వార్డులో ఇంచుమించు పదిమంది తల్లుల్లో ఒకరు జ్వరమొచ్చి చచ్చిపోయేవాళ్ళు. మంత్రసానుల వార్డులో అందులో సగం గూడా లేదు. మొదటి వార్డులో వేయొద్దని తల్లులు కాళ్ళు పట్టుకునేవాళ్ళు. ఆ విద్యార్థులు శవాలను కోసిన చేతులతోనే వచ్చి కాన్పులు చేస్తున్నారని 1847లో ఆయన కనిపెట్టి, క్లోరిన్ సున్నపు నీళ్ళతో చేతులు కడిగించినాడు. చావులు పడిపోయినాయి. అయినా చాలామంది పెద్ద డాక్టర్లు ఒప్పుకోలేదు. మా చేతుల నుంచి చావు వస్తుందా అని వాళ్ళ బాధ. 1865లో సెమ్మెల్వైస్ పిచ్చాసుపత్రిలో చచ్చిపోయినాడు.

*

మా జేజి మంత్రసాని. ఊళ్ళో పెద్దిండ్లలో గూడా కాన్పు ఆమే చేసేది. నొప్పులొచ్చినప్పుడు నట్టింటి దాకా రానిచ్చేవాళ్ళు. బిడ్డ బయటపడి, మాయ పాతిపెట్టినాక ఆమె నడిచిన చోటంతా పేడతో అలికేవాళ్ళు. పొద్దున ఆమె ముట్టి తీసిన బిడ్డే పెద్దయినాక ఆమెను దూరం పొమ్మనేది. పని అయ్యేదాకా చెయ్యి కావాల, పనయినాక ఆ చెయ్యి మైల.

ఆ జేజి బిడ్డను ముట్టేముందు ఉడుకునీళ్ళతో, సీకాయతో మోచేతుల దాకా కడుక్కునేది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ రాసుకోలేదు. "తల్లి నిద్దరలో ఉండాది, బిడ్డకు మాటల్లేవు. నేను కడుక్కోకపోతే ఎవురు అడుగుతారు? అందుకే కడుక్కోల్ల" అనేది.

ఈ కథ ఇక్కడ ఆపితే బాగుంటుంది. నేను ఆపను. ఆ జేజే బొడ్డు కోయను ఇంట్లో ఉండే కొడవలి వాడేది. దాన్ని కాల్చాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె చేతుల్లో ధనుర్వాతంతో పోయిన పసిపిల్లలు ఉన్నారు. వాళ్ళ కోసం ఆమె ఏడ్చింది గూడా. మా కదిరి తట్టు కటారుపల్లెలో వేమన సమాధి ఉంది. మనసు కడుక్కోకుండా ఒళ్ళు కడుక్కునేవాళ్ళను ఆయన ఎగతాళి చేసినాడు. అది నిజమే. కానీ ఆసుపత్రిలో పనిచేసినాక నేను దానికి ఇంకొకటి కలుపుకున్నాను. మనసు కడుక్కున్నా చాలదు, చెయ్యి గూడా కడుక్కోవాల. ప్రేమగల చేతిమీద గూడా సూక్ష్మజీవులుంటాయి. కాబట్టి చదువూ కావాల, లెక్కా కావాల, చూసే కన్నూ కావాల. ఎవరి కన్ను అన్నదే తగాదా.

*

నా కన్ను సంగతి చెప్తాను. కాగితం నా చేతికి వచ్చినాక తెలిసింది, చూడటానికి గూడా కులం ఉందని. మా చూపు పడితే అన్నం చెడుతుందని దాచిపెట్టుకున్న ఇండ్లు నాకు తెలుసు. ఇప్పుడు అదే చూపుతో నేను డాక్టర్లను చూసి రాయాల. శానిటేషన్ పనివాళ్ళ తప్పు రాస్తే ఎవరూ ఏమీ అనలేదు. వాళ్ళు కాంట్రాక్టు కింద పనిచేసే మా జనమే. వాళ్ళకు గ్లవుసులు చాలినన్ని ఇవ్వకుండానే జీతంలో కోత పెట్టినారు. ఒకసారి ఒక పెద్ద డాక్టరు ఒకే చేతులతో నాలుగు మంచాలు చూసినాడు. నేను రాసినాను. "నువ్వు మమ్మల్ని లెక్క రాసేదానివి అయినావా?" అన్నాడు. ఆ 'నువ్వు'లో ఏముందో మనకు తెలుసు. ఆ తర్వాత ఆయన గడిలో నేను చూడకుండానే టిక్కు పెట్టినాను. ఒకసారి కాదు, రెండేండ్లు. కాయకల్ప పట్టికలోకి పోయిన మా మార్కుల్లో నా భయం గూడా ఉంది.

దానికన్నా పెద్ద తప్పు ఇంకొకటుంది.

కాగితం రాకముందు సంగతి. నైటు డ్యూటీ. మా తట్టు మనిషే, మాదిగాయన, వాంతులూ జ్వరమూ. మా నాయన వయసు. రాత్రి రెండుగంటలప్పుడు ఆయన చేతికి పెట్టిన సూది మూసుకుపోయింది. నేను అప్పుడే ఇంకొకాయనకు చీము పుండు కట్టి వచ్చినాను. గ్లవుసులు తీసేసినాను. తీసినాక గూడా చెయ్యి కడుక్కోవాల, గ్లవుసు కడగడానికి బదులు కాదని నాకు తెలుసు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ట్రాలీ మీద మందు సీసా ఉంది, ఒక అడుగు దూరం. కడుక్కోలేదు. సూది మార్చి కొత్తది వేసినాను.

మూడోరోజుకు చెయ్యి వాచింది, ఎర్రబడింది, చీము పట్టింది. ఇంకో పదిరోజులు ఆసుపత్రిలోనే ఉండినాడు. ఆయన భార్య మేకనమ్మి డబ్బు తెచ్చింది. నా చేతి నుంచే అంటిందని చెప్పలేను. అంటలేదని గూడా చెప్పలేను. చెయ్యి సాక్ష్యం మిగల్చదు. పోయేరోజు ఆయన నా చేతులు పట్టుకుని, "మనోళ్ళ పాప, నీ హస్తవాసి మంచిదమ్మా" అన్నాడు.

ఆ మాట ఇన్నేండ్లుగా నా వెంట వస్తానే ఉంది.

ఎవరూ చూడలేదు గదా అని చానాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. కాగితం పట్టుకుని తిరిగినాక ఒకరోజు తట్టింది, అది అబద్ధం అని. ఆయన మేలుకునే ఉన్నాడు. సూది మారుస్తున్నప్పుడు నా చేతులకల్లే చూస్తానే ఉన్నాడు. ఆ చూపును నేను చూపు కింద లెక్కపెట్టలేదు. మనోడే గదా, ఏమీ అడగడు అనుకున్నాను. అదే వారం స్పెషలు గదిలో ఒక ఆఫీసరు తల్లి ఉండింది. ఆమె గదిలోకి పోయినప్పుడల్లా రెండుసార్లు కడుక్కున్నాను. టీ అంగడాయన నాకు నేర్పిన చదువు అదే. ఎవరు చూస్తే కడగాలో, ఎవరు చూసినా కడగనక్కర్లేదో. మాదిగ నర్సు చెయ్యి మాదిగ రోగిని అంటరానివాణ్ణి చేసింది. ముట్టుకోకపోవడం వల్ల కాదు, ముట్టుకుని గూడా మనిషిగా లెక్కపెట్టకపోవడం వల్ల.

*

ఎవరూ చూడనప్పుడు ఎందుకు కడుక్కోవాల అని గదా ప్రశ్న. ఆ ప్రశ్నే తప్పు అని ఇప్పుడు నాకనిపిస్తుంది. వార్డులో ఎవరూ చూడని క్షణం లేదు. మంచం మీద మనిషి ఉన్నాడు. టొరంటో లెక్కలో 'చూడనప్పుడు' అంటే పరిశీలించేవాళ్ళు చూడనప్పుడు అని. ఆ వార్డుల్లో రోగులు లేరా? ఉన్నారు. వాళ్ళ కండ్లు లెక్కలోకి రాలేదు, అంతే. ఎవరూ చూడలేదు అని మనం అన్నప్పుడల్లా, లెక్కలోకి వచ్చేవాడెవడూ చూడలేదు అని అర్థం.

2011లో అమెరికాలో ఒక చిన్న ప్రయోగం అచ్చయింది. ఆసుపత్రిలో సీసాల దగ్గర రెండు రకాల బోర్డులు పెట్టినారు. చేతులు కడిగితే మీకు రోగాలు రావు అని ఒకటి. చేతులు కడిగితే రోగులకు రోగాలు రావు అని ఇంకొకటి. రెండో బోర్డు ఉన్నచోటే మందు ఎక్కువ ఖర్చయింది. మార్చింది ఒక్క మాట. ఆ మాట మంచం మీద మనిషిని గుర్తు చేసింది.

ఉద్యోగంలో చివరి రెండేండ్లు నేను ఒక పని చేసినాను. రోగిని ముట్టేముందు ఆయనకు కనపడేట్లు చేతులు రుద్దుకుని, "చూడు నాయనా, కడుక్కున్నాను. ఎవురైనా కడుక్కోకుండా వస్తే అడుగు" అని చెప్పేదాన్ని. చానామంది నవ్వేవాళ్ళు. "మేమెట్ల అడిగేదమ్మా" అనేవాళ్ళు. నిజమే, అడగమని చెప్పి మనం చేతులు దులుపుకుంటే అది ఇంకో మోసం. అడిగినవాళ్ళను కాపాడాల. సబ్బు ఉండాల, కొళాయిలో నీళ్ళుండాల, ఊడ్చేవాళ్ళకు గ్లవుసులుండాల. పెద్ద డాక్టరు గడీ ఆయా గడీ ఒకే కాగితంలో ఒకే గోడ మీద అతికించాల.

ఒకరోజు ఒక ముసలామె అడిగింది. పల్లె నుంచి వచ్చిన మనిషి, చదువు లేదు. రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు చెయ్యి చాపితే తన చెయ్యి వెనక్కి తీసుకుని, "సామీ, చేతులు కడుక్కోండి" అన్నది. వార్డంతా బిగుసుకుపోయింది. ఆయన ముఖం ఎర్రబడింది. ఏమీ అనలేదు. పోయి కడుక్కుని వచ్చినాడు. మర్నాడు నన్ను పిలిచి, రోగులకు ఇవన్నీ ఎందుకు నేర్పిస్తున్నావని పైవాళ్ళు అడిగినారు. చేతుల శుభ్రత నేర్పిస్తున్నాను సార్ అన్నాను.

ఆ ముసలామె డాక్టరు చేతులకల్లే చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. ఆమె ఆయన్ను లొంగదీయాలని చూడలేదు, తాను బతకాలని చూసింది. అంగడాయన నన్ను చూసిన చూపుకూ దీనికీ తేడా అదే. మనకు కావాల్సింది ఆ చూపు. ఆ చూపు కిందికి మొదట నా చెయ్యి పోవాల.